కళ్ళారా చూసిన అబద్ధం

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. రాసినవాడు ఓ కుర్రాడు. అతనూ, అతని స్నేహితుడూ ఒకే గదిలో ఉంటారు, ఒకే మెస్సులో తింటారు, ప్రతి శుక్రవారం ఒకే సినిమాకి వెళతారు. మొన్న ఇద్దరూ కలిసి ఓ పాత పౌరాణికం చూశారట. తెర మీద రథం ముందుకి దూసుకుపోతోంది. చక్రాలు మాత్రం వెనక్కి తిరుగుతున్నాయి!

"అది కెమెరామన్ పొరపాటు" అన్నాడు మనవాడు.

"పొరపాటేం కాదు. రథాన్ని వెనక్కి నడిపించి, రీలు తిరగేసి వేశారు. చక్రం వెనక్కి తిరగడం నా కళ్ళతో నేను చూశాను" అన్నాడు రెండోవాడు.

మాటా మాటా పెరిగింది. "రెండు రోజులుగా మా గదిలో మాటల్లేవు సార్. మీరే తీర్పు చెప్పాలి" అని ఉత్తరం ముగించాడు.

తప్పకుండా చెప్తాను బాబూ. కాని ఈ "నా కళ్ళతో చూశాను" అనే మాట ఉంది చూశారూ, దాంతో నాకో పాత బాకీ ఉంది. అదేమిటో చివర్లో చెప్తాను. ముందు మీ రథం సంగతి చూద్దాం.

చక్రం వెనక్కెందుకు తిరిగింది?

సినిమా కెమెరా రథాన్ని ఎడతెగకుండా చూస్తూ కూర్చోదు. సెకనుకి 24 సార్లు కన్ను తెరుస్తుంది, 24 బొమ్మలు తీసుకుంటుంది. మధ్యమధ్య కన్ను మూసుకుంటుంది. ఆ మూసుకున్న వేళలో చక్రం ఎంత తిరిగిందో దానికి తెలీదు.

ఇప్పుడు చక్రానికి 12 ఆకులు, అంటే చువ్వలు, ఉన్నాయనుకుందాం. ఒక ఆకుకీ ఇంకో ఆకుకీ మధ్య దూరం 30 డిగ్రీలు. ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య చక్రం సరిగ్గా 30 డిగ్రీలు తిరిగిందనుకోండి. మొదటి ఆకు ఉన్న చోటికి దాని వెనకాల ఉన్న ఆకు వచ్చి నిలబడుతుంది. అన్ని ఆకులూ ఒక్కలాగే ఉంటాయి కదా! అందుకని రెండు బొమ్మల్లోనూ చక్రం ఒక్కలాగే కనిపిస్తుంది. రథం పరుగెడుతుంటుంది, చక్రం కదలకుండా నిలబడిపోతుంది.

అదే 30కి బదులు 28 డిగ్రీలే తిరిగిందనుకోండి. అప్పుడు వెనకాల ఆకు, ముందు ఆకు ఉన్న చోటికి రెండు డిగ్రీలు తక్కువలో ఆగిపోతుంది. తెర ముందు కూర్చున్న మీకేం తెలుసు, అది వేరే ఆకని? "ఓహో, ఈ ఆకే రెండు డిగ్రీలు వెనక్కి జరిగిందన్నమాట" అనుకుంటుంది మీ బుర్ర. మళ్ళీ రెండు, మళ్ళీ రెండు... చక్రం వెనక్కి తిరగడం మొదలుపెట్టేస్తుంది!

ఇందుకు రథం మరీ గాలిలో తేలిపోనక్కర్లేదు. నాలుగడుగుల ఎత్తు చక్రం సెకనుకి రెండు చుట్లు తిరిగితే చాలు, రథం గంటకి సుమారు 27 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. అక్కడ చక్రం నిలిచిపోయినట్టుంటుంది. కాస్త తగ్గితే వెనక్కి, కాస్త పెరిగితే ముందుకి.

కనుక తీర్పేమిటంటే, కెమెరామన్ పొరపాటు చెయ్యలేదు. రీలూ తిరగేయలేదు. మీరిద్దరూ ఓడిపోయారు! అయితే ఒక్క మాట. మీరిద్దరూ చూసింది మాత్రం నిజంగానే చూశారు. చక్రం వెనక్కి తిరగలేదు, కాని తిరగడం "కనిపించింది". ఈ రెండింటికీ మధ్య ఉన్న చిన్న సందులోనే సినిమా అనే మహా మాయ అంతా కాపురం ఉంటోంది.

కదలని బొమ్మలు కదిలేదెలా?

అసలు సినిమాలో ఏదీ కదలదు. ఫిల్మ్ రీలు చేతిలోకి తీసుకుని వెలుతురుకి ఎత్తి చూసినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. ఒకదాని కింద ఒకటి నిలబడిపోయిన బొమ్మలు, అంతే. రీళ్ళ కాలం ప్రొజెక్టర్లో అయితే ఒక బొమ్మ పోయి ఇంకో బొమ్మ వచ్చేలోగా ఓ రేకు వెలుతురుకి అడ్డం పడేది. వెలుగు మినుకుమినుకుమనకుండా ఒక్కో బొమ్మనీ రెండేసి సార్లు చూపించేవారు. అంటే సెకనుకి 48 సార్లు వెలుగు, 48 సార్లు చీకటి. రెండున్నర గంటల సినిమాకి టికెట్టు కొన్న మన పెద్దలు అందులో దాదాపు సగం సేపు ఉత్త చీకట్లో కూర్చునేవారన్నమాట! ఒక్కరైనా గేటు దగ్గర డబ్బు వాపసు అడగలేదు.

ఇప్పుడు చాలా హాళ్ళలో డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చేశాయి. రేకులూ రీళ్ళూ పోయాయి. కాని సినిమా మామూలుగా ఇప్పటికీ సెకనుకి 24 బొమ్మలే.

"కంటి మీద ఒక బొమ్మ కాసేపు నిలిచిపోతుంది, అంతలో ఇంకోటి వస్తుంది, అందుకే కదిలినట్టుంటుంది" అని బళ్ళో చదువుకున్నాం. మినుకుమినుకుమనే వెలుగు ఒకటిగా కలిసిపోవడానికి ఆ కారణం చాలు. కదలికకి మాత్రం చాలదు. బొమ్మల మీద బొమ్మలు నిలిచిపోవడమే అయితే, హీరోగారు చెయ్యెత్తితే ఇరవై చేతులు కలగాపులగమై కనపడాలి గాని, ఒక్క చెయ్యి సాఫీగా పైకి లేచినట్టు ఎందుకు కనపడాలి?

దీని సంగతేదో తేల్చాలని కూర్చున్నాయన మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రయోగాలు చేసి 1912లో ప్రకటించారు. పక్కపక్కన రెండు గీతలు. ఒకటి వెలిగి ఆరిపోతుంది, వెంటనే రెండోది వెలుగుతుంది. మధ్య ఎడం ఎక్కువైతే రెండు వేర్వేరు గీతలని తెలిసిపోతుంది. మరీ తక్కువైతే రెండూ ఒకేసారి వెలిగినట్టుంటుంది. సరిగ్గా కుదిరితే మాత్రం, సుమారు సెకనులో పదహారో వంతు ఎడం అనుకోండి, ఒకే గీత ఇక్కణ్ణుంచి అక్కడికి జరిగినట్టు కనిపిస్తుంది! మధ్యలో అసలేమీ లేదు. ఆ ప్రయాణాన్ని మెదడు తనంతట తాను తయారుచేసుకుంటుంది.

ప్రయోగశాల దాకా పోనక్కర్లేదు. మీ వీధిలో పెళ్ళి జరిగితే పందిరికి కట్టిన సీరియల్ లైట్లు చూడండి. ఎర్ర బల్బులు వరసగా పరుగెడుతున్నట్టుంటుంది. ఏ బల్బూ అంగుళం కూడా కదలదు. ఒకటి ఆరుతుంది, పక్కది వెలుగుతుంది. పరుగు మీ తలలో ఉంది.

కంట్లో చిల్లు

"అయితే మెదడు అబద్ధాలకోరా సార్?" అంటారేమో. కాదు, పాపం. దానికి వచ్చే సమాచారం అంత తక్కువ. చెయ్యి బారుగా చాచి బొటనవేలి గోరు చూడండి. ఏ క్షణంలోనైనా మీరు స్పష్టంగా చూడగలిగేది సుమారు అంత మేరే. మిగతాదంతా మసక. కన్ను సెకనుకి రెండు మూడుసార్లు గెంతుతూ ముక్కలు ముక్కలుగా ఏరుకొస్తుంది. మెదడు వాటిని అతికి "ఇదిగో లోకం" అని చూపిస్తుంది. చెప్పాలంటే అది మన ఎడిటర్!

ఆ ఎడిటర్ పనితనం చూడాలనుందా? తెల్ల కాగితం మీద ఎడం పక్క ఓ కూడిక గుర్తు వెయ్యండి. దానికి మూడంగుళాల దూరంలో కుడి పక్కన ఓ నల్ల చుక్క పెట్టండి. ఎడం కన్ను మూసుకుని, కుడి కంటితో కూడిక గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా ముందుకీ వెనక్కీ జరపండి. కంటికి సుమారు పదకొండు అంగుళాల దూరంలో నల్ల చుక్క మాయమైపోతుంది! చూపు నరం కంట్లోంచి బయటికి పోయే చోట వెలుగుని పట్టే కణాలు లేవు. 1660లలో ఫ్రాన్సుకి చెందిన ఎడ్మే మారియోత్ దీన్ని కనిపెట్టారు. అందరి కళ్ళలోనూ ఈ చిల్లు ఉంది.

ఇందులో వింత చుక్క పోవడం కాదు. చుక్క పోయిన చోట నల్ల రంధ్రం కనపడదు, తెల్ల కాగితమే కనపడుతుంది. చుట్టూ తెలుపే కాబట్టి ఇక్కడా తెలుపే అయ్యుంటుందిలే అని మెదడు చక్కగా మాసిక వేసేస్తుంది. ఇన్నాళ్ళూ మీరు ఆ మాసికతోనే సినిమాలు చూశారు. ఎప్పుడైనా తెలిసిందా?

మార్కస్ బార్ట్లీ వెన్నెల

మెదడు వేసే ఈ లెక్కల్ని మన సినిమావాళ్ళు శాస్త్రవేత్తలకంటే బాగా వాడుకున్నారు. 1957లో వచ్చిన "మాయాబజార్" తీసుకోండి. కె.వి.రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్లీ కెమెరా. ఆ సినిమాలో పడవ పాట చూసి వెన్నెల్లో తడిసిపోని తెలుగువాడు లేడు. నలుపు తెలుపు సినిమా అది. వెన్నెల రంగు ఫిల్ము మీద లేనే లేదు. నీళ్ళ మీద మెరుపు ఎక్కడుండాలి, మొహాల మీద నీడ ఎంతుండాలి అన్నది చూసుకున్నారు బార్ట్లీ. మిగతా వెన్నెలంతా మనమే కాయించుకున్నాం. అందులోనే ద్వారకానగరం ఉంది చూశారూ, అది గోఖలే, కళాధర్‌ల కళా దర్శకత్వంలో వేసిన చిన్న చిన్న బొమ్మరిళ్ళ సముదాయం. తెర మీద మాత్రం మహానగరం.

దూరాన్నీ పరిమాణాన్నీ మెదడు కలిపి లెక్క వేస్తుంది. దూరంగా ఉన్న మనిషి చిన్నగా కనపడినా "దూరంగా ఉన్నాడులే" అని సర్దుకుంటుంది. ఆ దూరమేదో దానికి తెలియకుండా చేస్తే లెక్క తలకిందులవుతుంది. అమెరికాలో అడెల్బర్ట్ ఏమ్స్ అనే ఆయన ఓ వంకర గది కట్టించారు. ఒక్క చిన్న కంతలోంచి చూస్తే మామూలు గదే. నిజానికి ఒక మూల రెండో మూల కంటే చాలా దూరం. ఒకే మనిషి ఈ మూల నించి ఆ మూలకి నడుస్తుంటే, చూస్తూ చూస్తూ ఉండగా ఘటోత్కచుడైపోతాడు, లేదా మరుగుజ్జైపోతాడు! 2001లో వచ్చిన మొదటి "లార్డ్ ఆఫ్ ది రింగ్స్" సినిమాలో బండి మీద మాంత్రికుడూ, పొట్టి కుర్రాడూ పక్కపక్కన కూర్చున్నట్టు కనపడతారు. పొట్టివాడిగా వేసిన నటుడు బాగా వెనకాల కూర్చున్నాడు, అంతే. మీరు చార్మినార్‌ని రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నట్టు ఫోటో దిగితే చేసేదీ అదే.

తెలిసినా పోని భ్రమ

తాడుని చూసి పాము అనుకోవడం మన పెద్దలు చెప్పిన పాత ఉదాహరణ. దీపం తెచ్చి చూస్తే పాము పోతుంది, తాడు మిగులుతుంది. కాని దీపం తెచ్చినా పోని పాములు కొన్నున్నాయి.

ఒకే పొడవున్న రెండు గీతలు గియ్యండి. ఒకదాని రెండు కొసలకీ బాణపు మొనలు లోపలికి మడిచి పెట్టండి, రెండోదానికి బయటికి విప్పి పెట్టండి. బయటికి విప్పినది పొడుగ్గా కనపడుతుంది. 1889లో ఫ్రాంజ్ ముల్లర్-లయర్ అనే జర్మన్ చూపించిన బొమ్మ ఇది. స్కేలు పెట్టి కొలవండి. రెండూ సమానమే. స్కేలు తీసెయ్యండి. మళ్ళీ అదే పొడుగు! మీకు తెలుసు, అయినా కన్ను వినదు.

రంగులదీ ఇదే వరస. 1995లో ఎడ్వర్డ్ ఏడెల్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఓ చదరంగం బల్ల బొమ్మ తయారుచేశారు. నీడలో ఉన్న "తెల్ల" గడీ, వెలుతుర్లో ఉన్న "నల్ల" గడీ నిజానికి ఒకే బూడిద రంగు. కాగితానికి రెండు కంతలు చేసి చూస్తే గాని నమ్మలేం. "నీడలో ఉంది కాబట్టి అసలు రంగు ఇంకా తెలుపై ఉంటుంది" అని మెదడు వెలుతురుని లెక్కలోంచి తీసేస్తుంది. 2015లో ఓ గౌను ఫోటో ప్రపంచమంతా గొడవ రేపింది, గుర్తుందా? కొందరికి నీలం, నలుపు. కొందరికి తెలుపు, బంగారం. అసలు గౌను నీలం, నలుపే. ఫోటోలో వెలుతురు ఎలాంటిదో తేలక, ఒక్కొక్కరి మెదడు ఒక్కో రకంగా ఊహించింది. మొగుడూ పెళ్ళాలు కూడా వాదించుకున్నారు. ఇద్దరూ కళ్ళతోనే చూశారు!

ఇక నా బాకీ

1980లలో మాట. నేను డిగ్రీ చదువుతున్నాను. రెండో ఆటకి ఆలస్యంగా వెళ్ళాను. సైకిల్ స్టాండు నిండిపోయింది. హాలు గోడకి సైకిల్ ఆనించి, హడావుడిలో తాళం కూడా వెయ్యకుండా లోపలికి పరుగెత్తాను. ఇంటర్వెల్లో మేడ మీద నించుని సోడా తాగుతూ కిందికి చూస్తే ఎవడో నా సైకిల్ ఎక్కి పోతున్నాడు! మొహం కనపడలేదు. వీధి మొగలో పసుప్పచ్చ సోడియం దీపం. ఆ వెలుగులో ఆకుపచ్చ గళ్ళ చొక్కా.

ఆకుపచ్చ గళ్ళ చొక్కా మా క్లాసులో ఒక్కడికే ఉంది. నా ప్రాణ స్నేహితుడు. ఓ సినిమాలో హీరో వేసుకున్నదాన్ని చూసి ముచ్చటపడి కుట్టించుకున్నాడు. పదిహేను రోజులుగా ఆ చొక్కా నా కళ్ళముందే తిరుగుతోంది.

మర్నాడు క్లాసందరి ముందూ నిలదీశాను. "నేను ఇంటి దగ్గరే ఉన్నానురా" అన్నాడు. "నా కళ్ళతో చూశానురా!" అన్నాను నేను. వాడు ఇంకేం మాట్లాడలేదు. బహుశా ఆ మాటకి జవాబు ఉండదు.

మూడు వారాల తర్వాత పక్క ఊరి నించి ఒకాయన నా సైకిల్ నడిపించుకుంటూ హాలు దగ్గరికి వచ్చాడు. ఎవరిదో సైకిల్ ఎరువు తెచ్చుకుని సినిమాకి వచ్చాడట. సినిమా నచ్చక మధ్యలోనే లేచిపోతూ, చీకట్లో దాని పక్కనున్న నా సైకిల్ ఎక్కేశాడు. సొంతదారుడు ఊరినించి వచ్చి "ఇది నాది కాదే" అనేదాకా ఆయనకీ తెలీదు. పాపం, చేతులు పట్టుకుని క్షమించమన్నాడు. ఆ రోజు వేసుకున్నదీ ఒంటి మీద చొక్కాయేనట. సినిమాలకీ పెళ్ళిళ్ళకీ అదొక్కటే. గళ్ళ చొక్కా. ముదురు ఎరుపు గళ్ళు.

ఎరుపు!

ఆ రాత్రి ఎర్ర చేతి రుమాలు, ఆకుపచ్చ అట్ట ఉన్న నోటు పుస్తకం పట్టుకెళ్ళి ఆ దీపం కింద నించున్నాను. రెండూ ఒక్కలాగే మసినల్లగా ఉన్నాయి. అప్పటి ఆ సోడియం దీపంలో ఉన్నది ఒకే ఒక్క పసుపు రంగు. ఆ వెలుగులో ఎరుపు లేదు, ఆకుపచ్చ లేదు. మరి నేను కళ్ళారా చూసిన ఆకుపచ్చ ఎక్కణ్ణుంచి వచ్చింది? నా తలలోంచి. పదిహేను రోజులుగా చూస్తున్న చొక్కా రంగు తీసి, మెదడు ఆ గళ్ళలో నింపేసింది. కంట్లో చిల్లుకి మాసిక వేసినంత సులువుగా. నేను అబద్ధం చెప్పలేదు. చెప్పింది మాత్రం అబద్ధం.

వెళ్ళి వాడి చేతులు పట్టుకున్నాను. "పోనీలేరా" అన్నాడు నవ్వుతూ. తర్వాత కూడా కలిసే సినిమాలకి వెళ్ళాం. కాని నా సైకిల్ వెనక సీటు మీద వాడు మళ్ళీ ఎప్పుడూ ఎక్కలేదు. "నువ్వు పద, నేను నడిచొస్తా" అనేవాడు.

అందుకే ఉత్తరం రాసిన మిత్రుడికి నా సలహా ఒక్కటే. చూసింది చెప్పండి. "నాకు ఇలా కనపడింది" అనండి. ఎదుటివాడు "నాకు అలా కనపడలేదు" అంటే కాసేపు వినండి. రాజీ పడి ఈ శుక్రవారం ఇద్దరూ కలిసి సినిమాకి వెళ్ళండి. ఇద్దరూ ఓడిపోయారు కాబట్టి టికెట్లు ఒకరు, పాప్‌కార్న్ ఒకరు.

తెర మీద చక్రం ఏ వైపు తిరిగినా సరే, తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఇద్దరూ ఒకే బండి మీద రండి.